ఆగే ముందు చెప్పే ఆ పది వరుసలు

రీబూట్ అని కొట్టి ఎంటర్ నొక్కాక తెర వంక చూస్తూ కూర్చునేవాళ్లు తక్కువ. చాలామంది టీకి లేస్తారు, లేదా ఫోన్ తీస్తారు. నేను కదలను. సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పెద్దాయన చెప్పిన మాట వల్ల అలవాటైంది. యంత్రం లేచేటప్పుడు చెప్పేవి వందల వరుసలు, ఆగేటప్పుడు చెప్పేవి పట్టుమని పదిహేను ఉండవు. ఆ పదిహేనూ చదవడం నేర్చుకోమన్నాడాయన. నేర్చుకున్నాను. ఇన్నేళ్లయినా వాటి మీద మోజు తీరలేదు.

ఇక్కడ చెప్పబోయేది ఫ్రీబీఎస్‌డీ గురించి. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పెరిగిన యూనిక్స్ కొమ్మకు వారసురాలు. ఆ పేరుతో తొలి విడుదల 1993లో వచ్చింది. లైనక్స్ అంత జనంలో లేకపోయినా, దాని లోపలి పనితనం తీరిగ్గా చూడదలచినవాళ్లకు అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మూలరాత (సోర్స్ కోడ్) మొత్తం అందరికీ తెరిచి ఉంది. తెర మీద కనిపించే ఒక్కో వరుస ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళ్తే, రాసినవాళ్లు ఏం ఆలోచించారో కూడా దొరుకుతుంది.

కథ యంత్రం ఆగడానికి చాలా ముందే మొదలవుతుంది. షట్‌డౌన్ కమాండుకు గడువు ఇవ్వవచ్చు: ఇంకో అరగంటలో ఆపు, సాయంత్రం ఫలానా వేళకు ఆపు అని. ఒకే యంత్రం మీద ఇరవై ముప్పై మంది లాగిన్ అయి పనిచేసుకునే రోజుల్లో పుట్టిన వాడుక ఇది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఆరో ఎడిషన్ యూనిక్స్ కోసం ఇయన్ జాన్‌స్టన్ రాసిన కమాండును బర్క్‌లీవాళ్లు మార్చి కలుపుకున్నారని మాన్యువల్ పేజీ చెబుతుంది. గడువు ఎక్కువ ఉంటే హెచ్చరికలు 10 గంటల ముందు నుంచే మొదలవుతాయి. ఆ తర్వాత 5 గంటలు, 2 గంటలు, గంట, 30 నిమిషాలు, 20, 10, 5, 2, 1, చివరికి 30 సెకన్లు. దగ్గరపడేకొద్దీ హెచ్చరికలు కూడా దగ్గరవుతాయి. మూలరాతలో ఇది చిన్న పట్టికగా ఉంటుంది. ఎంత మిగిలితే ఎంత ఆగాలో రెండు అంకెల జతలు, అంతే.

ఆ పట్టిక కంటే నాకు నచ్చింది దాని పక్కనే ఉన్న ఇంకో చిన్న ఏర్పాటు. గడువు 10 నిమిషాల కంటే ఎక్కువ ఉంటే హెచ్చరిక గడియారం వేళ చెబుతుంది: ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు ఆగుతుంది అని. 10 నిమిషాలూ అంతకు లోపూ అయితే ఇక గడియారం మాట ఎత్తదు, ఇంకా ఎన్ని నిమిషాలు ఉన్నాయో చెబుతుంది. మనమూ అంతే కదా. బస్సు సాయంత్రం ఆరింటికి అంటాం. ఐదు యాభై అయ్యాక ఇంకో పది నిమిషాలే ఉంది, లేవండి అంటాం. పనిలో మునిగి ఉన్న మనిషికి ఏ దశలో ఏ లెక్క పనికొస్తుందో ఆలోచించి రాశారు. 5 నిమిషాలు మిగిలాక కొత్తగా ఎవరినీ లోపలికి రానివ్వరు. లాగిన్ కాబోయినవాడికి యంత్రం ఇన్నింటికి ఆగుతోందన్న సంగతి చెప్పి పంపేస్తారు.

సమయం అయిపోయాక ఇనిట్ రంగంలోకి దిగుతుంది. యూనిక్స్‌లో కెర్నల్ సొంతవి కాక మొట్టమొదట పుట్టే ప్రాసెస్ అదే, అన్నిటి కంటే చివర పోయేదీ అదే. అది ముందుగా ఆపే స్క్రిప్టును నడుపుతుంది. లేచేటప్పుడు ఏ సేవ తర్వాత ఏ సేవ లేచిందో, ఆ వరుసను తలకిందులు చేసి ఒక్కోదాన్నీ ఆపుకుంటూ వస్తుంది. డేటాబేస్ ఉందనుకోండి, దాన్ని ఆపుతున్నానని ఒక వరుస రాస్తుంది. వెంటనే ‘వెయిటింగ్ ఫర్ పిడ్స్’ అని, ఏ ప్రాసెస్ ముగియడం కోసం కాచుకుని ఉందో దాని సంఖ్య వేస్తుంది. కాసేపటికి ఇంకా పోలేదంటే ఒక కామా పెట్టి అదే సంఖ్యను మళ్లీ వేస్తుంది. మళ్లీ కామా, మళ్లీ సంఖ్య. ముగిసిందా, చుక్క పెట్టేస్తుంది.

ఈ కామాలూ చుక్కా చదవడం వస్తే సగం జబ్బులు తెలిసిపోతాయి. ఒకే సంఖ్య తర్వాత చుక్క పడితే ఆ సేవ ఆరోగ్యంగా ఉన్నట్టు. అదే సంఖ్య ఏడెనిమిదిసార్లు వచ్చి అప్పుడు చుక్క పడితే, అది ఆగడానికి కష్టపడిందని అర్థం. చుక్కే పడకుండా తర్వాతి అంకంలోకి వెళ్లిపోతే, గడువు మించిపోయి స్క్రిప్టునే ఆపేశారన్నమాట; ఆ గడువు మామూలుగా 90 సెకన్లు. ఒక కామా, ఒక చుక్కతో ఇంత చెప్పగలిగిన షెల్ స్క్రిప్టులు నేను ఎక్కువ చూడలేదు.

అక్కడితో మర్యాద ఘట్టం ముగియదు. మిగిలిన ప్రాసెస్‌లన్నిటికీ ఇనిట్ ముందు ఆగమనే సంకేతం పంపుతుంది. 10 సెకన్లు చూస్తుంది. అప్పటికీ ఆగనివాటికి, కాదనడానికి వీల్లేని సంకేతం పంపుతుంది. అయినా ఏదైనా మిగిలిపోతే, ఉదాహరణకు మొండికేసిన డిస్క్ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తూ కెర్నల్ లోపల ఇరుక్కుపోయినదైతే, అప్పుడొక వరుస వస్తుంది. కొన్ని ప్రాసెస్‌లు చావడం లేదు, పీఎస్ కమాండును ఈ అక్షరాలతో నడిపి చూసుకోండి అని దాని భావం. ఆ చివరి ముక్క చూడండి. తప్పు జరిగిందని చెప్పి ఊరుకోలేదు. ఎలా కనుక్కోవాలో కమాండుతో సహా చెప్పింది, అదీ ఏడెనిమిది ఇంగ్లీషు మాటల్లో. తప్పు సందేశాలు రాసే ప్రతి ప్రోగ్రామరూ దాన్ని ఒకసారి చూసి రావాలంటాను.

ఈ సంకేతాల హడావుడిలోనే సిస్‌లాగ్‌డీ కూడా పోతుంది. యంత్రంలో జరిగేవన్నీ లాగ్ ఫైళ్లలోకి ఎక్కించే కరణం అది. పోతూ పోతూ తన చావు తానే రాసుకుంటుంది: 15వ నంబరు సంకేతం అందింది, ముగిస్తున్నాను అని. మెసేజెస్ అనే లాగ్ ఫైలులో ఆ రోజుకు అదే ఆఖరి వరుస. అసలైన పని మొదలయ్యేది ఆ తర్వాతే. డిస్కుల మీదికి రాయాల్సినవి రాయడం, ఫైల్ సిస్టమ్‌లను విడదీయడం, కరెంటు తీసేయడం ఇవన్నీ కరణం కళ్లు మూశాక జరుగుతాయి. వాటి సంగతి ఫైలులో రాసేందుకు ఎవరూ మిగలరు. ఫైలు ఉన్న డిస్కే ఇంకాసేపట్లో చేతికి అందదు.

ఇక మాట్లాడేది కెర్నలే.

మొదట తన సొంత పనివాళ్లను ఆపుతుంది. ‘వెయిటింగ్ (మ్యాక్స్ 60 సెకండ్స్) ఫర్ సిస్టమ్ ప్రాసెస్ సింకర్ టు స్టాప్’ అని రాసి ఆగుతుంది. వీఎన్‌ఎల్‌ఆర్‌యూ, బఫ్‌డీమన్, సింకర్ అని మూడు పేర్లు సాధారణంగా కనబడతాయి. ఎంతసేపు కాచుకుంటుందో ముందే చెబుతోంది చూడండి, 60 సెకన్లు దాటి కాదు అని. ఆగితే అదే వరుస చివర ‘డన్’ అంటుంది, ఆగకపోతే ‘టైమ్డ్ ఔట్’ అంటుంది. వరుస మొదటి సగం పని మొదలుపెట్టే ముందూ, రెండో సగం పని అయ్యాకా పడుతుంది. కాబట్టి యంత్రం సరిగ్గా ఆ నడుమ బిగుసుకుపోతే, సగం వరుసతో ఆగిన తెరే ఎక్కడ బిగుసుకుందో చెప్పేస్తుంది.

రాయాల్సినవి డిస్కుకు ఎక్కించే సింకర్ ఆగేటప్పుడు దాని వరుసలోనే అంకెలు పడటం మొదలవుతుంది: డిస్కులకు ఎక్కిస్తున్నాను, ఇంకా మిగిలిన వీనోడ్‌లు (ఒక్కో ఫైలుకు కెర్నల్ పెట్టుకునే పద్దులు) ఇన్ని అని. 7, 4, 2, 0, 0, 0, ఆపైన డన్. సున్నా వచ్చాక మళ్లీ సున్నాలు ఎందుకని నాకు మొదట్లో అనుమానం. రాసినవాళ్లు పొరపాటున వదిలేశారనుకున్నాను. కాదు. ఒక ఫైలు సమాచారం రాయడం ముగిసినందువల్లే ఇంకోటి రాయాల్సి రావచ్చు. డైరెక్టరీ ఎక్కాక దాని తాలూకు ఇంకో గుర్తు ఎక్కాలి. అలాంటి ముడులు ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి. అందుకని పని సున్నాకు చేరాక కూడా సింకర్ ఇంకొన్ని చుట్లు తిరిగి చూసి అప్పుడు ముగిస్తుంది. తాళం వేసి రెండడుగులు నడిచి, వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూసే మనిషి మన ఇళ్లలోనూ ఒకరుంటారు. ఆ సున్నాలు చూసినప్పుడల్లా మా నాన్నగారు గుర్తొస్తారు నాకు.

ఆ తర్వాత బఫర్ల వంతు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చూద్దాం, పనితనం అంతా ఈ కొద్దిపాటి రాతలో ఉంది. డిస్కుకు ఎక్కాల్సి ఉండి ఇంకా మెమరీలో ఉన్న బఫర్లెన్నో కెర్నల్ లెక్కపెడుతుంది. ఏమీ లేకపోతే ‘ఆల్ బఫర్స్ సింక్డ్’ అని ఒక్క ముక్కలో ముగిస్తుంది. ఉంటే ఎన్ని ఉన్నాయో వేస్తుంది, కొద్దిగా ఆగుతుంది, మళ్లీ లెక్కపెడుతుంది. ఇలా 20 విడతలు. ప్రతి విడతకూ ఆగే సమయం 50 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతుంది. ఇంతవరకూ ఎవరైనా రాసేదే.

రాసినవాడి చేయి కనిపించేది తర్వాతి ఒక్క షరతులో. ఈసారి లెక్క కిందటిసారి కంటే తక్కువ వస్తే, విడతల లెక్కను మళ్లీ సున్నాకు తెస్తాడు. అంటే 20 విడతల గడువు మొత్తం పనికి కాదు, ఏమాత్రం ముందుకు కదలకుండా గడిపే కాలానికి. డిస్కు నెమ్మదిదైనా, అంకె 40 నుంచి 39కి, 39 నుంచి 38కి దిగుతున్నంత కాలం కెర్నల్ ఓపిక పడుతుంది. కదలిక ఆగిపోతేనే ఆశ వదులుకుంటుంది. ముసలి డిస్కునూ చచ్చిన డిస్కునూ ఒక్క పోలికతో వేరుచేశాడు. పనివాడిని నెమ్మదిగా చేస్తున్నాడని తరిమేయకుండా, చేయడం మానేశాడా లేదా అని చూసే మేస్త్రీ పద్ధతి ఇది.

ఆశ వదులుకున్నప్పుడు ఏం చేస్తుందన్నది ఇంకా గొప్ప సంగతి. ‘గివింగ్ అప్ ఆన్ 2 బఫర్స్’ అని ఎన్ని ఎక్కించలేకపోయిందో లెక్కతో సహా రాస్తుంది. చూసేవాడు చదువుకునేందుకు 5 సెకన్లు ఆగుతుంది. ఆపైన ఫైల్ సిస్టమ్‌లను విడదీయకుండా వదిలేస్తుంది, కావాలనే. విడదీస్తే ప్రతి ఫైల్ సిస్టమ్ మీదా ‘శుభ్రంగా ముగిసింది’ అన్న గుర్తు పడుతుంది. ఆ మాట అబద్ధం అవుతుంది కాబట్టి ఆ గుర్తు పడనివ్వదు. మర్నాడు లేచేటప్పుడు గుర్తు లేదని చూసి, ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ మొదలవుతుంది. తన వల్ల కానిది కాలేదని ఒప్పుకుని, వచ్చేవాడు చూసుకునేలా తలుపు తెరిచి పెట్టి పోవడం అన్నమాట.

ఇందులోనూ ఒక విచక్షణ ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా వేరే యంత్రంలోని డిస్కును వాడుకుంటున్నప్పుడు ఆ దూరపు యంత్రం బిగుసుకుపోవచ్చు. దాని కోసం ఆగిపోయిన బఫర్లను ఆఖరి లెక్కలో కలపరు. ఎక్కడో ఉన్న సర్వరు చేసిన పాపానికి ఇక్కడి డిస్కులన్నీ తనిఖీకి నిలబడకూడదు కదా అని, ఆ కారణం మూలరాతలోనే వ్యాఖ్యగా రాసిపెట్టారు. ఇలాంటి వ్యాఖ్య ఏదో ఒక రాత్రి ఎవరికో నిజంగా ఆ బాధ కలిగితేనే పుడుతుందని నా నమ్మకం.

నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఆఫీసు సర్వరు చూసేవాణ్ణి. రీబూట్ చేసిన ప్రతిసారీ లేవడానికి ముప్పావు గంట పట్టేది. అన్ని డిస్కులకూ తనిఖీ నడిచేది. యూపీఎస్ బాగోలేదని అందరూ తేల్చేశారు. బ్యాటరీలు మార్చారు, ఫలితం లేదు. డిస్కు పోతోందన్నారు, కొత్త డిస్కు వచ్చింది, తనిఖీ మాత్రం ఆగలేదు. ఒకరోజు అది లేచాక, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండు కొట్టి పైకి జరుపుకుంటూ వెళ్తే, కొత్త ప్రారంభ సందేశాలకు పైన అంతకుముందు ఆగేటప్పటి వరుసలు కనిపించాయి. అంకెలు 2, 2, 2, 2 అంటూ కదలకుండా పడుకున్నాయి, వాటి కింద ‘గివింగ్ అప్ ఆన్ 2 బఫర్స్’. బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ డిస్కు తీగ వదులైంది. దాని మీదికి పోవాల్సిన రెండు బఫర్లు పోలేక, నియమం ప్రకారం ఏ ఫైల్ సిస్టమూ విడిపోలేదు. ఏ దోషమూ లేని పెద్ద డిస్కులు కూడా అందువల్లే తనిఖీకి వచ్చాయి. తీగ మార్చాం. తర్వాతిసారి రీబూట్ రెండు నిమిషాల్లో అయింది.

ఆగేటప్పటి వరుసలు లేచాక ఎలా కనిపించాయి? లాగ్ రాసే కరణం లేడు, డిస్కు లేదు. నడుమ యంత్రం ఒకసారి రీబూట్ అయింది కూడా. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచే.

కెర్నల్ ఏం చెప్పినా రెండు చోట్లకు పోతుంది: ఒకటి తెర, రెండోది మెమరీలో కేటాయించిన ఒక చిన్న ముక్క. దాన్ని సందేశాల బఫర్ అంటారు. ఫ్రీబీఎస్‌డీలో మామూలుగా 96 కిలోబైట్లు, అంటే 98,304 అక్షరాల చోటు. నిండితే మొదటికి వచ్చి పాతవాటి మీద రాస్తుంది. ఇప్పటి సాధారణ పీసీ ప్రాసెసర్లున్న యంత్రాల్లో ఈ ముక్కను భౌతిక మెమరీకి ఆ చివర నుంచి కోసి తీస్తారు. ఎప్పుడు లేచినా అదే చోటు, అదే చిరునామా. రీబూట్ అంటే ప్రాసెసర్‌కు మతి పోగొట్టడమే. మెమరీ చిప్పులకు కరెంటు ఆగదు. కాబట్టి రాసిన అక్షరాలు అక్కడే ఉంటాయి, మీద ఎవరూ మళ్లీ రాయకపోతే. కొత్తగా లేచిన కెర్నల్ అదే చోటికి వెళ్లి, చెరిపేసే ముందు ఒకసారి చూస్తుంది: ఇక్కడ ఎవరైనా ఏదైనా రాసి వెళ్లారా?

చూడడం అంటే మూడు పరీక్షలు. మొదటిది, ఆ ముక్క తల దగ్గర ఒక నిర్ణీత సంఖ్య ఉండాలి: హెక్సాడెసిమల్‌లో 063062. పాత బర్క్‌లీ కాలం నుంచి వస్తున్న 063061కి ఇది పక్కింటి అంకె; ఓపెన్‌బీఎస్‌డీలో ఇప్పటికీ పాతదే ఉంది. రెండోది, బఫర్ పరిమాణం కిందటిసారి ఎంతో ఇప్పుడూ అంతే ఉండాలి. మూడోది చెక్‌సమ్, అంటే లోపలి అక్షరాలన్నిటి విలువల మొత్తం. మళ్లీ కూడి చూస్తే, రాసిపెట్టిన మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే చిందరవందర అయిందని వదిలేసి, ఖాళీ చేసి కొత్తగా మొదలుపెడుతుంది.

ఆ మొత్తాన్ని ఎప్పుడు లెక్కగడతారో చూడండి. ఆగేముందు ఒకసారి కూడి రాసిపెడదామనుకుంటే కుదరదు. యంత్రం ఎప్పుడు ఎలా కూలుతుందో తెలియదు, కూలే ఘడియలో కూడికకు తీరిక ఉండదు. ప్రతి అక్షరానికీ మొత్తం 98,304 అక్షరాలనూ మళ్లీ కూడడం దండగ. వాళ్లు చేసిన పని ఇది: కొత్త అక్షరం రాసేటప్పుడు, మొత్తంలోంచి ఆ స్థానంలో ఇదివరకున్న అక్షరం విలువ తీసేసి, కొత్తదాని విలువ కలుపుతారు. అంతే. ఒక తీసివేత, ఒక కూడిక. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం రాసే షావుకారు ప్రతి పద్దు దగ్గరా నిలవ సరిచేసుకున్నట్టు. మొత్తం ఎప్పుడూ తాజాగానే ఉంటుంది. ఏ క్షణాన యంత్రం పడిపోయినా, పడిపోయిన చోటు వరకూ లెక్క సరిగ్గా ఉంటుంది. మామూలు షట్‌డౌన్‌కే కాదు, కెర్నల్ పానిక్ అయి హఠాత్తుగా కూలినప్పుడు కూడా దాని ఆఖరి మాట దొరికేది దీనివల్లే.

ఇంకొక్కటి, చాలా చిన్నది. పాత బఫర్‌ను అలాగే ఉంచుకోవాలని తేలాక, పాత రాత వరుస మధ్యలో తెగి ఉండవచ్చని అనుకుని ఒక గుర్తు పెడతారు. ఆ గుర్తు వల్ల కొత్త కెర్నల్ మొదటి మాట కొత్త వరుసలో మొదలవుతుంది. ఆ ఒక్క గుర్తు లేకపోతే నిన్నటి సగం మాటా ఇవాళ్టి మొదటి మాటా అతుక్కుపోయి, చదివేవాడు తికమకపడేవాడు. ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు చదువుతారని ఊహించి పెట్టిన గుర్తు అది.

చదివేది ఎలాగంటే, లేచాక డీమెసేజ్ కమాండుకు చిన్న ఏ అక్షరం జోడించి కొట్టండి. ఆ అక్షరం లేకపోతే కెర్నల్ మాటలే వస్తాయి. ఉంటే కన్సోల్ మీదికి పోయిన మిగతా రాత, అంటే ఆపే స్క్రిప్టు పెట్టిన కామాలూ చుక్కలూ కూడా వస్తాయి. ‘కాపీరైట్’ మాటతో మొదలయ్యే వరుస దగ్గర ఇవాళ్టి పుట్టుక ఉంది. దానికి పైన ఉన్నది నిన్నటి ముగింపు. తీరిగ్గా చూసుకోవాలంటే, లేచినప్పుడు ఈ బఫర్‌లో ఉన్నదాన్ని వార్ కింద రన్ డైరెక్టరీలో డీమెసేజ్ డాట్ బూట్ అనే ఫైలులో దాచి ఉంచుతారు.

మెసేజెస్ ఫైలులోనూ ఇవి దొరుకుతాయి, కానీ అక్కడ ఒక జాగ్రత్త కావాలి. కొత్తగా లేచిన సిస్‌లాగ్‌డీ బఫర్‌లో కనిపించినవన్నీ తాను చదివిన వేళతో ఎక్కిస్తుంది. దాంతో ఆగుతూ చెప్పిన మాట పక్కన కూడా లేచిన టైమే పడుతుంది. ఆ వేళ చూసి, లేచేటప్పుడే డిస్కు మొరాయించిందని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్లను చూశాను. నమ్మాల్సింది వరుస క్రమాన్ని, పక్కనున్న వేళను కాదు. వేళ కూడా కావాలంటే, కెర్నల్ మాటలకు ముందు సెకన్ల లెక్క పెట్టించే సెట్టింగ్ ఒకటి ఉంది, కెర్న్ డాట్ ఎంఎస్‌జీబఫ్ షో టైమ్‌స్టాంప్ అని. మామూలుగా మూసి ఉంటుంది. దాన్ని 1 చేస్తే ఏ పని ఎన్నో సెకనులో జరిగిందో ప్రతి వరుస ముందూ కనిపిస్తుంది. పెట్టుకోవడం మంచిది.

ఈ ఏర్పాటుకు హద్దులున్నాయి. కరెంటు పోయినా, ప్లగ్గు పీకేసినా మెమరీ ఖాళీ అవుతుంది. కొన్ని సర్వర్లు లేచేటప్పుడు ఫర్మ్‌వేరే మెమరీ అంతా తుడిచేస్తుంది. అక్కడ పాత మాట దొరకదు. అలాంటి యంత్రాలకు పాత పద్ధతే దిక్కు. సీరియల్ కన్సోల్ పెట్టి, ఆ తీగ రెండో చివరన ఇంకో యంత్రాన్ని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి అక్షరమూ రాసుకోమనాలి. పెద్ద సర్వరు గదుల్లో ఇప్పటికీ చేసేది ఇదే. ఇవి కాక, ఏ రాత్రి ఏ వేళకు ఆగిందో తెలియాలంటే లాస్ట్ కమాండు ఉంది. షట్‌డౌన్ అయిన వేళ, బూట్ అయిన వేళ పక్కపక్కన చూపిస్తుంది. షట్‌డౌన్ వరుస లేకుండా బూట్ వరుస మాత్రమే ఉంటే, యంత్రం చెప్పకుండా పోయిందని అర్థం.

లైనక్స్ వాడేవాళ్లు అడుగుతారు, మా దగ్గర ఎలా అని. అక్కడ దారి వేరు. సిస్టమ్‌డీ ఉన్న యంత్రాల్లో జర్నల్‌సీటీఎల్‌కు కిందటి బూట్ చూపమని చెబితే పాత మాటలు వస్తాయి. అందుకు జర్నల్ డిస్కు మీద నిలవ ఉండేలా పెట్టుకుని ఉండాలి. కానీ జర్నల్ రాసేదీ ఒక దశలో పోవాల్సిందే. దాని తర్వాతి ఆఖరి మాటలు కెర్నల్ లాగ్‌లోకి పోతాయి. మామూలుగా ఆ లాగ్ రీబూట్‌ను దాటి రాదు. కూలిపోయినప్పటి మాటలు కాపాడుకోవడానికి మెమరీలో చోటు కేటాయించే రామ్‌ఊప్స్ లాంటి సదుపాయాలున్నాయి; వాటిని మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఫ్రీబీఎస్‌డీలో నాకు నచ్చేది, ఏ ఏర్పాటూ చేసుకోని వాడికి కూడా ఇది దొరకడం.

అన్నీ ముగిశాక కెర్నల్ చెప్పేవి ఇంకో రెండు మాటలు. మొదటిది ‘అప్‌టైమ్’, ఎన్నాళ్లు నిలిచానో అని. 12 రోజుల 3 గంటల 27 నిమిషాల 9 సెకన్లు అయితే అంకె పక్కనే అక్షరం పెట్టి, ఎక్కడా ఖాళీ లేకుండా ఒకే ముక్కగా రాస్తుంది. రెండోది ‘రీబూటింగ్’. ఆ మాట రాశాక ప్రాసెసర్‌ను రీసెట్ చేసే ముందు ఒక సెకను ఆగేది చాలాకాలం. సందేశాలు అచ్చు కావడానికీ ఎవరైనా చదవడానికీ ఆ సెకను అని మూలరాతలో వ్యాఖ్య ఉండేది. ఈమధ్య కూర్పుల్లో ఆ ఆగుడు తీసేసి, కావలసినవాళ్లు ఎన్ని సెకన్లో తామే పెట్టుకునేలా చేశారు. వేలకొద్దీ వర్చువల్ యంత్రాలు నిమిషానికోసారి లేచి ఆగే కాలంలో ఆ సెకను కూడా ఖరీదే, ఒప్పుకుంటాను. నా యంత్రాల్లో మాత్రం 2 పెట్టుకున్నాను.

మీ దగ్గర ఫ్రీబీఎస్‌డీ నడుస్తున్న యంత్రం ఏదైనా ఉంటే, ఈసారి రీబూట్ చేసినప్పుడు టీకి లేవకండి. లేచాక ఒక్కసారి డీమెసేజ్ ఏ కొట్టి, కాపీరైట్ వరుసకు పైన ఏముందో చదవండి.